పై హాలు పావురం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. ఆ రోజుల్లో నేను మా మేడ మీది నల్ల నీళ్ళ ట్యాంకుతో మాట్లాడేదాన్ని. సాయంత్రం ఆరిన బట్టలు తేవడానికని పైకి వెళ్ళి, చుట్టుపక్కల మేడల మీద ఎవరూ లేరని చూసుకుని, ట్యాంకు మూత కొంచెం పక్కకు జరిపి, అందులోకి ముఖం వంచి, ఆ వారం చదివిన పుస్తకం గురించీ, క్లాసులో తెలిసి కూడా చెప్పలేకపోయిన జవాబు గురించీ, బస్సులో నా కాలు తొక్కినావిడతో అనవలసిన మాట గురించీ ధారాళంగా ఉపన్యసించేదాన్ని. ట్యాంకు నా మాటల్ని గుండ్రంగా, గంభీరంగా మార్చి నాకే తిరిగి ఇచ్చేది. (సగం నీళ్ళున్న రోజు గొంతు బాగా పలికేది. నిండుగా ఉన్న రోజు జలుబు చేసినట్టుండేది.) రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా ఈ సంగతి అందులో కూడా రాయలేదు. డైరీ దగ్గరైనా కాస్త మర్యాద నిలుపుకోవాలి కదా.

ట్యాంకు ముందు అంత వక్తనైన నేను మెట్లు దిగేసరికి మూగదాన్నైపోయేదాన్ని. చుట్టాలొస్తే వంటింట్లో తలుపు వెనక నిలబడేదాన్ని. కిరాణా కొట్టతను "ఏం గావాలె పాపా?" అని అడిగితే వేలితో చూపించేదాన్ని. ఒకసారి వేలు కాస్త పక్కకు పోయి, చక్కెరకు బదులు ఉప్పు ఇచ్చాడు. మార్చమనాలంటే నోరు తెరవాలి కనుక మాట్లాడకుండా ఇంటికి తెచ్చేశాను. ఆ తరువాత చాలాకాలం మా ఇంట్లో ఉప్పుకు లోటు లేదు. ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో మా అమ్మ ఇక ఓపిక పట్టలేక, "దీని నోట్ల నాలుక ఉన్నదో లేదో నాకే డౌటొస్తుంది. పై హాలుకు తోల్కపోత. ఆడ నలుగురి మధ్యల కూసుంటెనన్న మాటలొస్తయేమో" అని నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

పై హాలు అంటే కార్ఖానా అనే మా పేటలో, మా వెనక గల్లీలో ఉన్న పాత ఇంటి మేడ మీది హాలు. వాకిట్లో బోర్డు మీద 'యువత, కరుణ, శాంతి' అని చాలా పొడుగు పేరే ఉండేది గానీ ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఆ ఇల్లు పెద్దమ్మది. (నాకు చుట్టమేమీ కాదు. గల్లీకంతటికీ పెద్దమ్మే.) మోండా మార్కెట్లో వాళ్ళకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. కింది వాటాలో టీచరమ్మ అద్దెకుండేది. ఆమె గుంటూరు వైపు నుంచి రైల్వేలో పనిచేసే భర్తతో వచ్చి, ఇక్కడే పాఠాలు చెప్పి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఒంటరిదైంది. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, తిరిగొచ్చి పెద్దమ్మ ఇంట్లో టిఫిన్ తినేది. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీద ఒకసారి ముందు గల్లీ పోరలూ వెనక గల్లీ పోరలూ తలలు పగలగొట్టుకుంటే, ఈ ఇద్దరాడవాళ్ళే చెవులు పట్టుకుని అందరినీ మేడ మీదికి ఎక్కించి, చాయ్ తాగించి, మాట్లాడుకోమన్నారట. అప్పటి నుంచి శనివారం సాయంత్రాలు పై హాలు తెరిచి ఉండేది.

నాకు ఆ హాలు మొదటిరోజే నచ్చింది. కారణం చెప్తే నవ్వుతారు. అక్కడ మొదట కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. టీచరమ్మ చిన్న ఇత్తడి గంట కొట్టగానే అందరూ చాపల మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు. గోడ పైన రంగు అద్దాల్లోంచి సాయంత్రపు ఎండ పడి కొందరి ముఖాలు ఎర్రగా, కొందరివి పచ్చగా అయ్యేవి. దూరంగా మిలిటరీ వాళ్ళ బూర మోగేది, ఇంకా దూరంగా స్టేషను వైపు రైలు కూసేది. ఆ రైలెక్కి నేను ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చేదాన్ని. కళ్ళు తెరిచి చూస్తే గంట ఎప్పుడో రెండోసారి మోగి ఉండేది, అందరూ చాయ్ తాగుతూ ఉండేవాళ్ళు. "ఆ పిల్ల ధ్యానం చూడండి, ఎంత లోతో!" అని టీచరమ్మ మిగతావాళ్ళకు నన్ను చూపించేది.

ఆ హాల్లో ఇంకొక పద్ధతి ఉండేది, అదే 'పావురం'. ఇద్దరికి పడకపోతే ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు. ఇద్దరికీ ఇష్టమైన ఒక మనిషిని మధ్యన పెట్టుకోవాలి. ఒకరు చెప్పిన మాటను ఆ మనిషి మోసుకెళ్ళి, రెండోవారి ఎదుట కూర్చుని, మెల్లగా చెప్పాలి. తిట్లుంటే దారిలో దించేయవచ్చు. తన సొంతం మాత్రం ఒక్క ముక్క కలపకూడదు. "పావురానికి తన ముఖం అంటూ ఉండదమ్మా. అక్కడ కనబడేది పంపినవాళ్ళ ముఖమే" అని టీచరమ్మ కొత్తవాళ్ళందరికీ చెప్పేది. మా పోరలు దీన్ని 'పావురం డ్యూటీ' అనేవాళ్ళు. బండి స్టాండు తీయకముందే హారన్ కొట్టే అలవాటున్న హారన్ అన్నకు ఆ డ్యూటీ అంటే మహా ఇష్టం. నేను మాత్రం ఎవరి కంటా పడకుండా చాపలు పరిచి, గుమ్మం దగ్గర చెప్పుల్ని జతలు జతలుగా సర్ది, ఆ గండం తప్పించుకుంటూ వచ్చాను.

వానలు మొదలయ్యాక, రెండు గల్లీల వాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని భోంచేసేలా ఒక ఆదివారం విందు పెట్టాలని ఇద్దరు పెద్దవాళ్ళూ నిశ్చయించారు. కలిసి తింటే కొట్టుకోరని వాళ్ళ నమ్మకం. అంతవరకూ బాగానే ఉంది. ఏం వండాలన్న దగ్గర వచ్చింది చిక్కు.

"పులిహోర చేద్దాం వదినా. పొద్దున్నే కలిపి పెట్టేస్తే సాయంత్రం దాకా పాడవదు" అంది టీచరమ్మ.

"పులిహోరనా? దావతంటే బగార అన్నముండాలె, దాల్చ ఉండాలె. సల్లటి అన్నం దిని ఎవడన్న దోస్తాన్ చేస్తడా టీచర్?"

"అంత మసాలా తిన్నాక పిల్లలకి శాంతి ఎక్కడి నుంచి వస్తుందండీ?"

మేమందరం నవ్వాం. ఆ నవ్వే కొంప ముంచింది. పిల్లలందరి ముందూ తన వంట నవ్వులపాలైందని పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. (అది రంగు అద్దాల ఎరుపు కాదు.) "మా పోరగాండ్లు ఏం దింటరో మాకు తెల్వదా? ఏడికెల్లో వచ్చినోళ్ళు మాకు జెప్పుడేంది?" అంది.

హాలంతా నిశ్శబ్దమైపోయింది, కానీ ఆ నిశ్శబ్దంలో రైలెక్కి ఎక్కడికీ పోలేకపోయాను. టీచరమ్మ చేతిలోని గంటను చప్పుడు కాకుండా కిటికీలో పెట్టింది. చెప్పులు వేసుకుంది. ఒక చేత్తో గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. శనివారం హారన్ అన్న రొప్పుతూ వచ్చి, "అయిపోయింది! టీచరమ్మ ట్రాలీ ఆటో మాట్లాడుకుంది. రేపు పొద్దుగాలనే సైనిక్‌పురికి, వాళ్ళ చెల్లె ఇంటికి. ఇగ రాదంట" అన్నాడు. సరిగ్గా విందు అనుకున్న రోజునే! మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. పెద్దమ్మ ఒక్కతీ హాలు నడపదు, నడపలేదు. ఆమెకు పిల్లల్ని కసరడం వచ్చు గానీ కూర్చోబెట్టడం రాదు. టీచరమ్మ వెళ్ళిపోతే పై హాలు మూతపడుతుంది. మిగిలినవాళ్ళకు శనివారం పోతుంది, అంతే. నాకైతే ఇంటికీ కాలేజీకీ మధ్య కూర్చోవడానికి చోటుండదు.

"పావురాన్ని పంపుదాం" అన్నారెవరో. సొంతంగా పెట్టిన పద్ధతి కాబట్టి ఇద్దరూ కాదనలేకపోయారు గానీ, ఎవరి పేరు చెప్పినా ఒప్పుకోలేదు. "హారన్‌గాడు వద్దు, ఒకటి జెప్తె పది కల్పుతడు" అంది పెద్దమ్మ. ఇంకో అమ్మాయి పేరు చెప్తే, "ఆవిడ పెట్టే లడ్డూలు తిన్న పిల్ల, నాకొద్దు" అని కింది నుంచి కబురొచ్చింది. చివరికి పెద్దమ్మ హాలంతా కలయజూసి, చెప్పులు సర్దుతున్న నా దగ్గర ఆగింది. "గా మాట్లాడని పోరిని పంపుండ్రి. దానికి కల్పుడు సుత రాదు." కింది నుంచి, "ఆ పిల్లయితే సరే" అని జవాబొచ్చింది. ఆ వారంలో వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం నేనొక్కదాన్నే.

పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని, నా ముఖం చూడకుండా, "చెప్పు టీచర్‌కు. పోతె పొమ్మను, ఇక్కడెవ్వరు ఆపుతలేరు. నా పెద్ద బగోన ఆమె వంటింట్ల ఉన్నది, అది మాత్రం ఇచ్చిపొమ్మను" అంది. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. తిట్లను దారిలో దించేయవచ్చు కనుక 'పోతే పొమ్మను'ను పైమెట్టు మీదే దించేశాను. ఇంకాస్త దిగాక 'ఎవ్వరూ ఆపటం లేదు' కూడా బరువనిపించింది, దాన్నీ దించాను. కిందికి చేరేసరికి నా దగ్గర బగోన ఒక్కటే మిగిలింది. ఇల్లు విడిచిపోతున్న మనిషి ఎదుట నిలబడి గిన్నె ఇమ్మని అడగాలి. ట్యాంకు ముందు ఎన్నెన్ని మహోపన్యాసాలు ఇచ్చాను! ఒక్క గిన్నె గురించి చెప్పలేనా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

టీచరమ్మ పుస్తకాలకు తాడు కడుతోంది. ఫొటోలు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరాలు మిగిలాయి. నన్ను చూడగానే పద్ధతి ప్రకారం కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా ముఖంలోకి చూసింది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు, కన్నీళ్ళు వచ్చాయి. (ఇది నాకు పాత జబ్బు. నలుగురి ముందు మాట్లాడవలసి వస్తే నోటి కన్నా ముందు కళ్ళు మొదలుపెడతాయి.)

టీచరమ్మ చేతిలోని తాడు జారింది. "వదిన ఏడుస్తోందా?" అంది.

నేను కాదని తల ఆడించబోయాను. కానీ ఏడుస్తూ తల ఆడిస్తే అది అవునో కాదో ఎవరికి తెలుస్తుంది?

"ఆవిడ ఏడవడమా! కొట్లో జొరబడ్డ దొంగని చీపురుకట్టతో మార్కెట్టంతా తరిమిన మనిషి!" టీచరమ్మ వంగి తాడు తీసుకుంది. "ఏడవద్దని చెప్పు. నాకు కోపం లేదని చెప్పు. ఎక్కడి నుంచో వచ్చాను, ఎక్కడికో పోతున్నాను, అంతేనని చెప్పు" అంది.

ఇందులో దించేయవలసిన మాట ఒక్కటీ లేదు. అదే నా ప్రాణం తీసింది. ఆ చివరి మాటను పదే పదే మనసులో అనుకుంటూ మెట్లెక్కేసరికి నాకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. పెద్దమ్మ ఇటు తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఏందే? టీచర్ ఏడుస్తుందా?"

నేను ఎక్కిళ్ళు పెట్టాను.

"ఒక్కతే కూసోని ఏడుస్తుందా? గింతగనమా? పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నదా లేదా? చెప్పవేందే పోరీ, నన్ను పరేషాన్ చెయ్యకు!"

నేను ఇంకా గట్టిగా ఎక్కిళ్ళు పెట్టాను. పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "జెర చెయ్యి పట్టుండ్రిరా ఎవరన్న. నా నోట్ల మన్ను వడ. గంత తక్లీఫ్ అయితదని నాకేమెర్క?" అంటూ మెట్ల వైపు నడిచింది.

నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది. కింది నుంచి టీచరమ్మ ఎక్కి వస్తోంది. చేతుల్లో పెద్ద బగోన ఉంది. (నేను చెప్పలేకపోయిన ఆ ఒక్క కబురూ తనంతట తానే నడిచి వచ్చింది.) సాకు కోసం తెచ్చిందో, నిజంగా ఇచ్చేయాలనే తెచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఏడ్వకు టీచర్."

"మీరు ఏడవకండి వదినా."

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఆగారు.

"నేనేడ ఏడ్చిన?" అంది పెద్దమ్మ.

"నేనెందుకు ఏడుస్తాను?" అంది టీచరమ్మ.

ఇద్దరూ తలలెత్తి నా వైపు చూశారు. నేను పై మెట్టు మీద ముక్కు కారుతూ నిలబడి ఉన్నాను. నా వెనక హాలు మొత్తం గుమ్మంలో ఇరుక్కుని చూస్తోంది. పావురానికి సొంత ముఖం ఉండకూడదు. నాకేమో ముఖం నిండా నాదే. అప్పుడు మిలిటరీ వాళ్ళ బూర మోగింది. అది ఆగాక నేను మాట్లాడక తప్పలేదు.

"ఆ కన్నీళ్ళు నావే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏడ్చింది నేనే. టీచరమ్మా, నువ్వు పోకు. నువ్వు పోతే, మాట్లాడకుండ కూసుందామంటే నాకు ఇంకో జాగ లేదు."

కిసుక్కుమని నవ్వింది హారన్ అన్నే అయి ఉంటాడు. ఆ వెంటనే ఎవరో వాడి నెత్తిన కొట్టిన చప్పుడైంది. పెద్దమ్మ ఉన్నచోటనే మెట్టు మీద కూలబడింది.

"గా మాట నేను అనకుంట ఉండాల్సింది టీచర్."

"అన్నారుగా" అంది టీచరమ్మ, నిలబడే.

"అన్న. అన్లేదని ఎవరన్నరు? నువ్వొచ్చిన కాన్నుంచి ఎప్పుడన్న మీ దిక్కు పోతవేమోనని నాకు భయమే. మీ ఆయన పోయినప్పుడు సుత, ఇగ పోతదనే అనుకున్న. పోలె. దిల్‌ల ఏమున్నదో గదే నోట్లకెల్లి వచ్చింది. గంతే."

టీచరమ్మ రెండు మెట్లు కిందగా, ఒళ్ళో బగోనతో, మెల్లగా కూర్చుంది. వెనక నుంచి చూస్తే ఇద్దరూ, ఇంకెవరూ ఎక్కని రైల్లో ముందూ వెనకా సీట్లలో ప్రయాణం చేస్తున్నట్టుగా ఉన్నారు. ఆ రైలు అలా చాలా దూరం పోయింది. వీధిలో దీపాలు వెలిగాక టీచరమ్మ గొంతు వినబడింది.

"పులిహోర మాత్రం నేను చేసి తీరతాను."

"చెయ్యి. ఊరగాయ లెక్క పక్కకు పెడత."

మేం ఊపిరి పీల్చుకున్నాం. మళ్ళీ గొడవ మొదలైంది, ఇక ఫరవాలేదు.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటో వచ్చి గుమ్మంలో నిలబడింది. వచ్చినవాణ్ణి ఊరికే ఎందుకు పంపాలని, పెద్దమ్మ అతన్ని సొరకాయలకూ ఉల్లిగడ్డలకూ మోండా మార్కెట్టుకు పంపింది. సాయంత్రం రెండు గల్లీల పోరలూ ఒకే బంతిలో కూర్చున్నారు. బంతికి ఆ చివర పెద్దమ్మ, ఈ చివర టీచరమ్మ నిలబడి, ఎవరి గిన్నె ముందు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. అది గమనించిన పోరలు ప్రాణభయంతో ఒక ముద్ద ఇదీ ఒక ముద్ద అదీ సమంగా తిన్నారు. ఏది బాగుందని అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. రెండు గల్లీలూ నిజంగా ఒక్కటైంది అప్పుడే అని నా అభిప్రాయం. (ఇప్పటికైనా చెప్పవచ్చు కనుక చెప్తున్నాను, దాల్చ బాగుంది. పులిహోరలో ఉప్పు ఎక్కువైంది.)

నాకు ఆ రోజుతో మాటలేమీ వరదలా వచ్చేయలేదు. కానీ వింతేమిటంటే, ఇప్పుడు నేను చేసే ఉద్యోగం ఫోనులో మాట్లాడటమే. చెవికి యంత్రం తగిలించుకుని, కోపంగా ఉన్న మనుషుల మాటలు విని, అందులో తిట్లన్నీ దించేసి, మిగిలిన కాస్తా పై అధికారులకు మెల్లగా చెప్తాను. చాలా ఓపికైన అమ్మాయి అని ఆఫీసులో పేరు. పై మెట్టు మీద ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డ ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆమెను చూసి నవ్వబోతాను. అంతలో, నాకు కావలసింది అంత సూటిగా మళ్ళీ ఎప్పుడైనా అడిగానా అనిపించి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పోయిన చలికాలం టీచరమ్మ కాలుజారి పడింది. చివరికి సైనిక్‌పురి చెల్లెలే వచ్చి, నడక వచ్చేదాకా అని తీసుకెళ్ళింది. పెద్దమ్మా నేనూ చూడటానికి వెళ్ళాం. వెడల్పైన రోడ్లు, గేటు దాకా పూలమొక్కలు, ఇంట్లో అందరూ మెల్లగా, గౌరవంగా మాట్లాడేవాళ్ళు. ఎండ ఆమె మంచం మీది తెల్లటి దుప్పటి మీదకు వచ్చి, అక్కడే నిద్రపోతున్నట్టుంది. పెద్దమ్మ తెచ్చిన డబ్బా మూత తీసి చూసి, టీచరమ్మ "మళ్ళీ మసాలా" అని విసుక్కుని, రెండు ముద్దలు తింది. పెద్దమ్మ పైటతో కళ్ళు తుడుచుకుంటూ, ఆటో దొరుకుతుందో లేదో చూస్తానని ముందే గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. నేనూ లేవబోతుంటే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. పక్కగదిలో వాళ్ళకు వినబడకుండా, నా చెవిలో, ఆమె నాతో అన్న చివరి మాట ఇది:

"ఇక్కడంతా శాంతేనే అమ్మాయ్. పోట్లాడ్డానికి ఒక్క మనిషి లేదు."